రన్‌వే అవతల లంక

మా హెలికాప్టర్ కృష్ణకి ఉత్తరాన ఉన్న ఎయిర్‌పోర్టులో దిగేసరికి పొద్దున్న ఆరున్నర. సన్నటి వాన, తూర్పు గాలి, బాగా కిందికి దిగిన మబ్బు. ఆర్డరు ఒక్కటే: వరద డ్యూటీ. ఎయిర్‌ఫోర్సులో ఎడారి మీద ఎగిరాను, మంచుకొండల మీద ఎగిరాను. మా కృష్ణ మీద ఎగరమనడం అదే మొదటిసారి. నాది భట్టిప్రోలు. ఏ కాలవ ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెబుతాను. లోపల మురిసిపోయాను కూడా. ఆ మురిపెం ఎంతోసేపు నిలవలేదు లెండి.

మాకు చోటిచ్చింది రన్‌వేకి ఉత్తరం పక్కన. కొల్లిపర దగ్గరి లంకలు దక్షిణాన. వెళ్ళాలంటే ప్రయాణికుల విమానాల దారికి అడ్డంగా దాటాలి. దాటాలంటే టవర్లో కంట్రోలర్ సరేననాలి. రైలు గేటు పడితే మీరు బస్సు దిగి టీ తాగొచ్చు. మాకలా కాదు, రెక్క తిరుగుతూనే ఉంటుంది, ఇంధనం కాలుతూనే ఉంటుంది.

"సార్, వరదకంటే ఈ టవరే కష్టంగా ఉంది" అన్నాడు మా కో-పైలట్, మొదటి రోజే.

రెండో రోజు మధ్యాహ్నం కబురొచ్చింది. ఒక లంకలో డాబా మీద నిండు చూలాలు, నొప్పులు మొదలయ్యాయి. పక్కన భర్త ఒక్కడే. ఆ ఉరవడికి పడవ వెళ్ళదు. "హెలికాప్టర్ వస్తోంది, డాబా దిగొద్దు" అని అధికారులు ఫోన్లో చెప్పారట.

ఇంజన్లు స్టార్ట్ చేశాం. ప్రాణాపాయం, వెంటనే దాటనివ్వమని రేడియోలో అడిగాను.

"హోల్డ్ పొజిషన్" అన్నాడు కంట్రోలర్, అంటే ఉన్నచోటే ఆగమని.

ఒక విమానం దిగింది. ఇంకోటి దిగింది. మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే మాట. ఒళ్ళు మండిపోయింది. రేడియోలో ఇంగ్లీషే మాట్లాడాలి, అయినా సరే తెలుగులో అరిచేశాను. "ఎంతసేపయ్యా? అక్కడ ఆడమనిషి నొప్పులు పడుతోంది!"

రెండు క్షణాలు గరగర. తర్వాత అదే గొంతు, తెలుగులో: "తెలుసండి. నాదీ ఈ వైపేనండి, బాపట్ల. ఇందాకటి గాలివానకి పైన తిరుగుతున్నవన్నీ ఇప్పుడే దిగుతున్నాయి. రెండింట్లో ఇంధనం అయిపోవచ్చింది. ఒక్కోదాంట్లో నూట ఎనభై మంది. ఆగండి సార్."

ఇరవై రెండు నిమిషాలు ఆగాం.

వెళ్ళేసరికి డాబా ఖాళీ. మా వాళ్ళకి వరదొస్తే ముందు గుర్తొచ్చేవి అరటి బోదెలే. మాకోసం ఎదురుచూసి ఎదురుచూసి, ఆమె భర్త తోటల్లోంచి కొట్టుకొచ్చిన బోదెలు నాలుగు పట్టి, చీరతో తెప్ప కట్టి, ఆమెని పడుకోబెట్టి కట్టవైపు తోసుకుంటూ బయల్దేరాడట.

"సార్, కుడివైపు, తుమ్మచెట్టు!" అరిచాడు మా ఫ్లైట్ ఇంజనీరు.

ఆ భర్త పీకల్లోతు నీళ్ళలో నిలబడ్డాడు. ఒక చేత్తో కొమ్మ, ఇంకో చేత్తో తెప్ప. మా వించ్ మనిషి కేబుల్ మీద దిగి ఆమెని పట్టుకొచ్చాడు. ఆమె బరువు లేవగానే తెప్ప విడిపోయి కొట్టుకుపోయింది.

"ఆయనకోసం మళ్ళీ దిగుతాను" అన్నాడు వించ్ మనిషి.

"సార్, ఇంధనం" అన్నాడు కో-పైలట్. ఎర్రలైటు వెలిగింది.

"ఇంకొక్కసారి దింపితే తెనాలి చేరమా?"

"చేరం సార్."

లోపల ఆమెతో కలిపి ఐదుగురం. నిలబడి కాల్చేసిన ఇంధనంలో సగం మిగిలినా ఆయన్నీ ఎక్కించేవాణ్ణి. తెనాలిలో కాలేజీ గ్రౌండులో దిగి ఆమెని అంబులెన్సుకి అప్పగించాం. అక్కడ పీపాల్లో ఉంచిన ఇంధనం ఎయిర్‌పోర్టు చేరడానికే సరిపోయింది, ట్యాంకు నింపుకోడానికి వెనక్కొచ్చాం. దిగడానికి కూడా గాల్లో చక్కర్లు కొట్టించారు. తిరిగి లంకకి వెళ్ళేసరికి తుమ్మచెట్టు చిటారు కొమ్మ మాత్రమే కనబడుతోంది. చీకటి పడేదాకా వెతికాం. దొరకలేదు.

డ్యూటీ ముగిసిన రోజు టవర్ ఎక్కాను. కడిగిపారేద్దామనే ఎక్కాను. కంట్రోలర్‌కి యాభై దాటి ఉంటాయి. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"ఆయన దొరికారా అండీ?"

తల అడ్డంగా ఊపాను. లేచినవాడు మళ్ళీ కూర్చున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు: "అప్పుడు ఏ విమానాన్ని ఆపాల్సిందో చెప్పండి సార్. నాకు తోచలేదండి."

నాకూ తోచలేదు. తిట్టడానికి ఒక మనిషి ఉంటే బాగుండునని అప్పుడనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

రిటైరై రేపల్లె వచ్చేశాను. ఆమెకి పాప పుట్టిందట, బడికి కూడా వెళ్తోందట. చూద్దామని రెండుసార్లు బస్సెక్కాను, రెండుసార్లూ తెనాలిలో దిగి వెనక్కొచ్చాను. ఆ తల్లికి ఏం చెప్పను? ఇక్కడ మంగలి షాపులో అడుగుతుంటారు, "దింపకుండా గాల్లో తిప్పుతారేంటండీ మీ విమానాలు?" అని. ట్రాఫిక్ అండి, అంటాను.

ఆ రోజు తుమ్మచెట్టు దగ్గర మేం పైకి లేస్తున్నప్పుడు ఆయన తలెత్తి చూశాడు. కేబుల్ ఇక దిగదని అర్థమైంది. కంగారు పడలేదు, కేకలు పెట్టలేదు. తెప్ప పోయి ఖాళీ అయిన చెయ్యి నీళ్ళలోంచి పైకెత్తి ఊపాడు, బస్సెక్కిన చుట్టాలకి మనం ఊపినట్టే. పెదాలు కదిలాయి. ఆ మోతలో ఏమీ వినబడదు. అయినా మన వైపు మనిషి చెయ్యూపుతూ ఏమంటాడో నాకు తెలీదా?

వెళ్ళి రండి, అన్నాడు.