ప్లగ్గు నా చేతిలో ఉండాది

పోయిన నెల మా మామ, అంటే మా ఆయన నాన్న, చనిపోయారు. ఉదయం కాఫీ తాగి, గ్లాసు తానే కడిగి బోర్లించి, మంచం మీద నడుం వాల్చారు. టిఫిన్‌కు పిలుద్దామని వెళ్లేసరికి ఇక లేరు. మా ఆయన పనిచేసే ఫ్యాక్టరీకి ఫోన్ చేసి చెప్పింది నేనే. నా గొంతు వినగానే ఆయనకు సంగతి అర్థమైపోయిందట. నేను ఫోన్‌లో మాట్లాడేది అంత అరుదు.

నేను ఐదో తరగతి వరకే చదివాను. అయినా మామ గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది.

మాది కృష్ణగిరి పక్కన పల్లె. సంబంధం తెచ్చినాయన మా అమ్మతో, "హోసూరులో సొంత షెడ్డు ఉండాదమ్మా. ఇంట్లో గ్రైండరు కూడా ఉండాది" అన్నాడు. పదేళ్ల వయసు నుంచీ రోట్లో పిండి రుబ్బిన నాకు, పెళ్లికొడుకు కన్నా ఆ గ్రైండరే ఎక్కువ నచ్చింది. హోసూరులోని మూకండపల్లికి కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే బియ్యం, మినప్పప్పు నానబెట్టి, గ్రైండరు ఎక్కడ అని మా ఆయనను మెల్లగా అడిగాను. ఆయన షెడ్డు వైపు చూపించారు. అక్కడ ఇనుప బల్లకు బిగించిన పాత మోటారు, దానికి అటొకటి ఇటొకటి గుండ్రటి సానరాళ్లు. మామ నిప్పురవ్వల మధ్య కొడవలి పదును పెడుతున్నారు.

సంగతి తెలిసి మామ కళ్లద్దాలు తీసి తుడుచుకునేంత నవ్వారు. సాయంత్రం మాత్రం పెరట్లో మూలపడిన రోలును తానే కడిగి, నీడలోకి దొర్లించారు. "ఇది నీ గ్రైండరు, అది నా గ్రైండరు. సరిపోయిందా అమ్మా?" అన్నారు.

నేను తలూపాను. ఆయన ముందు నోరు తెరిచేదాన్ని కాదు. కాఫీ తీసుకెళితే గడప దగ్గర పెట్టి గాజులు చప్పుడు చేసేదాన్ని. "వచ్చినావా అమ్మా, పెట్టిపో" అనేవారు. రెండేళ్లు అలాగే గడిచాయి.

ఆ తరువాత గ్రైండరు స్విచ్ విరిగింది. నొక్కే పుల్ల ఊడిపోయి, ఆన్‌లోనే ఇరుక్కుంది. కొత్తది తెద్దాంలే అంటూ మామ ఒక వారం గోడ దగ్గర ప్లగ్గు పెడుతూ తీస్తూనే నడిపారు. బాగలూరు నుంచి పూలతోటల వాళ్లు కత్తెరలు, కొడవళ్లు తెచ్చి కూర్చునేవారు. పని ఆగేది కాదు.

ఒక మధ్యాహ్నం పని మధ్యలో కరెంటు పోయింది. నేను మజ్జిగ తీసుకుని వెళ్లాను. మామ సానరాయికి పగులు ఉందేమోనని, వంగి వేళ్లతో తడిమి చూస్తున్నారు. ప్లగ్గు గోడకే ఉంది. నేను గాజులు చప్పుడు చేశాను.

"పెట్టిపో అమ్మా" అన్నారు, తల ఎత్తకుండానే.

మళ్లీ చప్పుడు చేశాను. ఆయన వేళ్లు రాతి మీదనే ఉన్నాయి.

"మామా! చెయ్యి తీయండి!"

అరిచానో ఏడ్చానో తెలియదు. ఆయన ఉలిక్కిపడి చెయ్యి లాక్కున్నారు. ఎందుకని నా వైపు తిరిగేలోపే కరెంటు వచ్చింది. రాయి గుర్రుమని తిరిగింది.

మామ చాలాసేపు తన వేళ్లను చూసుకున్నారు. "ఇంత గొంతు పెట్టుకొని రెండేండ్లు గమ్మునున్నావే తల్లీ" అన్నారు.

మర్నాడు హోసూరు బజారుకు నన్ను తీసుకెళ్లి, తాను కరెంటు సామాన్ల కొట్టు బయటే నిలబడ్డారు. "నువ్వే అడిగి తీసుకురా, పో" అన్నారు.

"గ్రైండరుకు స్విచ్ కావల్ల అన్నా" అన్నాను.

"పిండి రుబ్బేదానికా అమ్మా?" అన్నాడు కొట్టతను.

"కాదన్నా, కొడవళ్లు రుబ్బేదానికి."

కొట్టంతా నవ్వింది. బయటి నుంచి అందరికన్నా పెద్దగా మామ నవ్వు వినిపించింది. అది విని నాకూ నవ్వు వచ్చింది.

మామ కళ్లకు శుక్లాలు. చిన్న మరలు ఆనేవి కావు. ఆ స్విచ్ నా చేతనే మార్పించారు. మూత విప్పితే నాలుగు తీగలు, అన్నీ మాసి ఒకే రంగు. "ఏది యాడ ఉండేదో చూసుకోకుండా ఊడదీయద్దు" అన్నారు. నా కొప్పులోని పూలదారం తుంచి, ప్లగ్గు వైపు నుంచి వచ్చే రెండు తీగలకూ గుర్తుగా ముడి వేశాను. నేను మాటిమాటికీ గోడ వైపు చూస్తుంటే, మామ గోడ నుంచి తీసిన ప్లగ్గును పిడికిట్లో పట్టుకుని స్టూలు మీద కూర్చున్నారు. "చూడు, ప్లగ్గు నా చేతిలో ఉండాది. ఇంక భయమెందుకు?" పని అయ్యేవరకూ ఆ పిడికిలి విప్పలేదు.

ఆ మాట మా ఇంటి మాట అయిపోయింది. పాపను బడిలో చేర్చడానికి నేను ఒంటరిగా వెళ్లిన రోజూ అదే మాట. అంతకుముందు కాన్పుకు ఆసుపత్రి లోపలికి తీసుకెళుతుంటే, మంచం పక్కన నడుస్తూ, "పో అమ్మా, ప్లగ్గు నా చేతిలో ఉండాది" అన్నారు. పెద్దాయనకు ఏమైందోనని నర్సు వింతగా చూసింది.

కర్మలన్నీ అయ్యాక, పోయిన ఆదివారం మా ఆయన షెడ్డు తెరిచారు. ఆ స్విచ్ ఇప్పుడు వదులైంది, నొక్కితే నిలవడం లేదు. కొత్తది తెచ్చి పాతదాని మూత విప్పారు.

"ఇదేందే, లోపల దారం?" అన్నారు.

నల్లబడింది కానీ, నేను వేసిన ముడి అలాగే ఉంది.

ఆయన స్క్రూడ్రైవర్ అందుకుని, ఏదో గుర్తొచ్చినట్టు గోడ వైపు చూశారు. "ప్లగ్గు తీసినావా? యాడుండాది?"

నేను మామ స్టూలు మీద కూర్చుని ఉన్నాను.

"నా చేతిలో ఉండాది" అన్నాను.