సైకిలు బొమ్మ పుస్తకం ఎవరెవరు చదివారు

పోయిన ఆదివారం మా చెల్లెలి మనవరాలు, తొమ్మిదో తరగతి పిల్ల, ఎడం చేత్తో ఒక ఇంగ్లీషు నవల పట్టుకుని కుడి చేత్తో పెరుగన్నం తింటోంది. కథేమిటని అడిగాను. "ఒకబ్బాయికి ఇంకో అబ్బాయంటే ఇష్టం అమ్మమ్మా. ఇంట్లో చెప్పాలంటే భయం," అని పేజీ తిప్పింది. నేను ఠక్కున వీధి తలుపు వైపు చూశాను, ఎవరైనా విన్నారేమోనని. ఆ చూపు నాకు చిలకలగూడలో ఉండగా అలవాటైంది.

అప్పట్లో మా వదిన, అంటే మా ఆయన అక్కయ్య, మా ఇంటి ముందుగదిలో అద్దె పుస్తకాల లైబ్రరీ నడిపేది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి పాతికేళ్లయినా ఆవిడ యాస ఇంచీ కూడా కదల్లేదు. ఇంగ్లీషు రాదు కనుక ఆ పుస్తకాల అలమర బాధ్యత నాది. నేను బడిలో ఇంగ్లీషు టీచర్ని, సాయంత్రాలు ఇంట్లో ట్యూషన్లు చెప్పేదాన్ని. కంప్యూటర్ కోర్సుల పిచ్చి ఊరంతా పట్టుకున్న రోజులవి. ఇంటికొకరు అమీర్‌పేట బస్సెక్కేవారు. ఇంటర్వ్యూలో నోరు తిరగాలని మా దగ్గర ఇంగ్లీషు నవలలు పట్టుకెళ్లేవారు. వాళ్ల కోసమే ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల్లోంచి ఒక సన్నటి నవల తెచ్చాను. అట్ట మీద ఒకే సైకిలుపై ఇద్దరు కుర్రాళ్లు. స్కూలు కథ, తేలిక భాష అనుకుని, చదవకుండానే అలమరలో పెట్టాను. చదవకుండా ఏదీ నమ్మొద్దని పిల్లలకు రోజూ చెప్పే మనిషిని.

మొదట ఒక కంప్యూటర్ కోర్సు కుర్రాడు దాన్ని తిరిగిస్తూ, "మేడమ్, ఇది మీరు చదివే తెచ్చారా?" అని అదోలా నవ్వాడు. ఆ తర్వాత రైల్వేలో రిటైరైన పక్కింటాయన పట్టుకెళ్లి, నాలుగో రోజున వచ్చి బల్ల మీద బోర్లా పెట్టాడు. "మొత్తం చదివిన టీచరమ్మా. నాకే సమజ్ కాలేదేమో అని రెండుసార్లు చదివిన. మగపిలగాడు మగపిలగాన్ని ఇష్టపడుడేంది? పిల్లలొచ్చే జాగల గిసుంటియి పెడ్తరా?" అన్నాడు. ఆ మాట వీధి చివరి ఇస్త్రీ బండి దాకా పోయింది. ఒక డిగ్రీ అమ్మాయి మాత్రం చదివి ఏడ్చిందట. ఆమె స్నేహితురాలు ఇంటికి తీసుకెళ్లే ధైర్యం లేక మూడు సాయంత్రాలు అలమర దగ్గర నిలబడే చదివింది. టీచరమ్మ కావాలనే తెచ్చిందని కొందరన్నారు. నా ట్యూషన్లో ఇద్దరు పిల్లలు మానేశారు. ఎవరు ఆ అలమర దగ్గర ఎక్కువసేపు నిలబడుతున్నారో అందరూ గమనించడం మొదలుపెట్టారు. సిగ్గుపడాల్సిన సంగతేమిటంటే, నేనూ గమనించాను.

పుస్తకం తీసేద్దామన్నాను. వదిన ముందు కథ చెప్పమంది. రెండు మధ్యాహ్నాలు ఆవిడ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే నేను తెలుగులో చదివి వినిపించాను. అంతా విని, "ఆ పిల్లడు చేసిన తప్పేటి? నిజం చెప్తే ఇంట్లోవోళ్లు వదిలేస్తారని బెంగ. ఉండనీ," అని తట్ట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

అప్పుడే మా వీధిలో జాకెట్లు కుట్టే ఆవిడ రాకపోకలు మొదలయ్యాయి. ఏనాడూ పుస్తకం ముట్టని మనిషి. వాళ్లబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం, నా దగ్గరే ట్యూషన్. వచ్చి, అటూ ఇటూ చూసి, "ఆ సైకిల్ బొమ్మ పుస్తకం ఎవరెవరు తీస్కపోయిండ్రు అక్కా?" అని అడిగింది. "ఎవులు ఏటి చదివేరో నేను చెప్పనమ్మా. రేపు నీ సంగతీ ఇంకొకరికి చెప్పీగలను కదా మరి," అంది వదిన. వారం తిరగకుండా మళ్లీ వచ్చింది. ఈ పుకార్లకు మూలం ఈవిడేనని మాకు రూఢి అయిపోయింది. ఆవిడ గేటు తీస్తే మేం మాటలు ఆపేసేవాళ్లం.

మూడోసారి వచ్చినప్పుడు నేనొక్కదాన్నే ఉన్నాను. "పేర్లు తెలుసుకుని ఊరంతా చాటడానికా?" అన్నాను, కూర్చోమని కూడా అనకుండా.

ఆవిడే స్టూలు లాక్కుని కూర్చుంది. "చాటనీకి కాదు మేడం. గా పుస్తకం మా పిలగాని దిండు కింద దొరికింది, మీకు చెప్పక తెచ్చుకున్నడంట. వాడు అన్నం సక్కగ తింటలేడు. ఏందిరా అంటే, నేను సుత గిట్లనే అమ్మా అన్నడు." స్టూలు ఇంకాస్త నా దగ్గరికి జరుపుకుంది. "నాకు ఇంగ్లీష్ రాదు. సదివిన తల్లి ఎవరన్న ఉంటె అడుగుదామని తిరుగుతున్న. ఆఖరికి ఆ పిలగాడు బతుకుతడా మేడం?"

"బతుకుతాడు," అన్నాను.

"తల్లి ఏమంటది?"

"మొదట మాట్లాడదు. తర్వాత మాట్లాడుతుంది."

"ఎన్ని దినాలకు?"

పుస్తకంలో ఆ లెక్క లేదు. అదే చెప్పాను. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, "నేను మాట్లాడక ఇరవై దినాలైంది," అని లేచి ఇంటికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం అబ్బాయి ట్యూషన్‌కు రాలేదు. మర్నాడు వచ్చాడు, కళ్లు ఉబ్బి ఉన్నాయి. టిఫిన్ డబ్బాలో అమ్మ నా కోసమూ సర్వపిండి పంపింది. వీధి ఏమీ మారలేదు. పక్కింటాయన మా లైబ్రరీకి రావడం మానేశాడు. అబ్బాయి చదువుకుని ఉద్యోగంలో చేరి, తల్లిని బోయిన్‌పల్లికి తీసుకెళ్లాడు. ఆ మధ్య మోండా మార్కెట్లో ఆవిడ కనబడి, "మావోని దోస్తు సుత మాతోనే ఉంటడు మేడం, మంచిగ వండుతడు," అని చెప్పి, నా మొహంలోకి ఒక్క క్షణం పరీక్షగా చూసింది. నేను నవ్వాక తనూ నవ్వింది.

ఆ నెల రోజులూ నేను ఆవిడను కనిపెట్టి చూస్తూ గడిపాను, ఆవిడ తోడు వెతుక్కుంటూ గడిపింది. ఒకే వీధిలో, ఒకే నెల ఇద్దరికీ అంత వేరుగా గడిచిందని నాకు ఇప్పటికి గాని పూర్తిగా అర్థం కాలేదు.