నోరుకట్టు శనివారం

షెర్లీకి కుదురుగా కూర్చోవడం చేతకాదు. రెంటచింతలలో పుట్టినవాళ్లకు అదేమంత వింత కాదు. ఆ ఊళ్లో మే నెలలో అరుగు మీద కూర్చుంటే అరుగే లేచి పొమ్మంటుంది. అయితే షెర్లీ కాలు నిలవకపోవడానికి కారణం ఎండ కాదు, ఫోను.

నరసరావుపేటలో ఆమె పనిచేసే డయాలసిస్ కేంద్రానికి నూట నలభై మంది రోగులు వారానికి రెండు మూడు సార్లు వస్తారు. ఎవరు ఎంత బరువుతో వచ్చారు, ఒంట్లోంచి ఎంత నీరు తీయాలి, ఎవరికి ఏ మందు పడదు, అంతా డేటాబేస్‌లో ఉంటుంది. పదకొండేళ్లుగా దాన్ని కాపు కాస్తున్నది షెర్లీ ఒక్కతే. ఇన్నేళ్లలో ఆమె ఫోను చేతికందనంత దూరం పోయింది లేదు. స్నానానికి పోతే ఫోను కిటికీలో, చర్చిలో మోకరిస్తే ఫోను మోకాలి పక్కన.

తల్లి గ్రేసమ్మకు వేళాంగణి మాత మొక్కు ఒకటుంది. షెర్లీకి ఆరో ఏట పచ్చకామెర్లు వచ్చినప్పుడు మొక్కింది. బిడ్డ బతికింది, చదివింది, ఉద్యోగం చేసింది. మొక్కు మాత్రం అట్టాగే ఉంది. మూడుసార్లు టికెట్లు తీశారు. రెండుసార్లు ఇంట్లోనే ఆగిపోయారు. మూడోసారి తెనాలిలో రైలెక్కి, చిన్నగంజాం ఉప్పు మడులు దాటుతుండగా ఫోను మోగింది. కేంద్రంలో కరెంటు పోయి వచ్చాక సర్వర్ లేవడం లేదట. ఒంగోలులో దిగి, బస్సు పట్టుకుని వెనక్కి వచ్చి, పది నిమిషాల్లో లేపింది షెర్లీ.

"ఆ తల్లి ఒంగోలు దాకా ఎదురొచ్చి చూసుంటదే. ఈళ్లేంది, దిగి పోతన్నారనుకొనుంటది" అంది గ్రేసమ్మ. ఆ మాట అని మూడేళ్లయింది. ఇప్పుడామె మోకాళ్లు అరిగిపోయాయి. మెట్లెక్కాలంటే గోడ పట్టుకుంటుంది. ఈ ఏడు పోకపోతే ఇక పోలేదు.

తాటాకు పుస్తకాల కాలంలో, ఒకరు రాసిన ప్రతిని ఇంకొకరితో చదివించేవాళ్లట. రాసినవాడే చదివితే తప్పు దొరకదు. ఆకు మీద ఉన్నది కాకుండా, తను రాయాలనుకున్నది వాడి కళ్లకు కనబడుతుంది. మనిషి కన్ను ఎప్పుడూ అంతే. ఆకు పోయి తెర వచ్చినా మారలేదు. అట్లాగే ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ గుమాస్తా మూడేళ్లపాటు రోజూ సాయంత్రం డేటాబేస్‌కు బ్యాకప్ తీశాడు. అవసరం పడిన రోజున తెరిచి చూస్తే ఫైళ్లన్నీ ఉన్నాయి, వాటిలో ఏమీ లేదు. ఖాళీ కుండ మూతికి మూడేళ్లు వాసెన గుడ్డ కట్టాడన్నమాట.

ఆ కబురు విన్న వారంలోనే షెర్లీ తనలా డేటాబేస్‌లు చూసేవాళ్లను పోగు చేసింది. కాలేజీ పరీక్షల విభాగంలో ఉండేవాళ్లు, మిల్లుల్లో ఉండేవాళ్లు, పిడుగురాళ్ల సున్నపు బట్టీల కాటాల లెక్క చూసేవాళ్లు, అంతా కలిసి పదిహేను మంది. ప్రతి నెలా రెండో శనివారం, మూతపడిన టైపు ఇన్‌స్టిట్యూట్ మేడ మీద. ఉపన్యాసాలు లేవు, శాలువాలు లేవు. ఎవరి బ్యాకప్ వాళ్లు తెచ్చుకోవాలి. పడిపోయిన డేటాబేస్‌ను దాంతో మళ్లీ ఎట్లా లేపాలో ఒక కాగితం మీద రాసుకు రావాలి. ఆ కాగితం పక్కవాళ్ల చేతిలో పెట్టాలి. పక్కవాళ్లు దాన్ని చూసి ఖాళీ మిషను మీద లేపాలి. హాల్లో ఎవరైనా సాయం చేయొచ్చు, కాగితం రాసిన మనిషి తప్ప. ఆ మనిషి నోరు మెదపకూడదు, కన్ను గీటకూడదు, దగ్గకూడదు. మొదటి నెల ఒక మిల్లాయన ఉండబట్టలేక చేతిరుమాలు కొరికి చింపేశాడు. నోరుకట్టు శనివారం అన్న పేరు ఆ రోజే పడింది.

ఆరేళ్లుగా అందరి నోళ్లూ కట్టిన షెర్లీ నోరు మాత్రం ఎవరూ కట్టలేదు. నిర్వహించేది ఆమె కాబట్టి ఆమె కాగితం ఎవరూ అడగలేదు. అడిగిన మొదటి మనిషి కేంద్రం మేనేజరు అబ్దుల్ రహీమ్.

నాలుగోసారి టికెట్లు తీశానని సెలవు చీటీ పెడితే, ఆయన అది చదివి కళ్లజోడు తీశాడు. "పోవద్దనను షెర్లీ. కానీ ఒక షిఫ్టుకీ ఇంకో షిఫ్టుకీ మధ్య ఉండేది మూడు గంటలే. రికార్డు లేకుండా నేను సూది గుచ్చనీయను. నువ్వు లేకుండా నీ కాగితం చూసి, మన స్టోర్‌రూములో పడున్న ఆ పాత మిషను మీద మూడు గంటల్లో ఇంకొకళ్లు లేపితే, పోయిరా. లేపలేదా, టికెట్టు రద్దు."

మంగళవారం ప్రయాణం. దానికి ముందొచ్చే శనివారం, ఆ పాత మిషను మేడ మీదికి తెచ్చి పరీక్ష.

లేపాల్సింది కోటేశ్వరి. నూజెండ్ల పిల్ల, కేంద్రంలో చేరి ఏడాది. గ్రేసమ్మ పొద్దున్నే మొదటి బస్సుకు పులిహోర గిన్నెతో దిగి, గోడ పట్టుకుని మెట్లెక్కి, కిటికీ పక్క బల్ల మీద కూర్చుంది. పది కొట్టగానే షెర్లీ నాలుగు పేజీల కాగితం అందించి, పెదవులు బిగించి వెనక్కి జరిగింది.

కాగితంలో మొదటి ఎనిమిది మెట్లూ చకచకా నడిచాయి. తొమ్మిదోది, దూరాన వేరే ఊళ్లో అద్దె సర్వర్‌లో దాచిన బ్యాకప్‌ను దింపుకోవడం. అక్కడ మిషను మొరాయించింది. ఆ సర్వర్ చూపించే గుర్తింపు పత్రం చెల్లదంటూ ఎర్ర అక్షరాలు.

"బాగానే ఉందిగా నిన్నటిదాకా! నెట్టు పోయిందేమో" అని కోటేశ్వరి తీగ పీకి పెట్టింది. పాస్‌వర్డ్ మళ్లీ కొట్టింది. పక్కవాళ్ల ఫోన్లోంచి నెట్టు తీసుకుంది. అవే ఎర్ర అక్షరాలు. పదకొండున్నర అయింది.

షెర్లీ హాలు చుట్టూ తిరుగుతోంది. తలుపు దాకా, కూజా దాకా, మళ్లీ తలుపు దాకా. ఆరో చుట్టులోనో ఏడో చుట్టులోనో కోటేశ్వరి వెనక నుంచి పోతూ తెర మూల చూసింది. అడుగు ఆగిపోయింది.

తెర మూల తేదీ: 2009, జనవరి 1.

ఆ పాత మిషనులో గడియారాన్ని నడిపే రూపాయి బిళ్లంత బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. ప్లగ్గు తీసినప్పుడల్లా అది పుట్టిన రోజుకు పోయి కూర్చుంటుంది. షెర్లీ ఎప్పుడు ఆ మిషను పెట్టినా కుర్చీలో కూర్చోకముందే, నిలబడే, తేదీ సరిచేస్తుంది. గుమ్మంలో చెప్పులు విడిచినట్టు. చెప్పులు విడవడాన్ని ఎవరు కాగితం మీద రాస్తారు? మూడేళ్ల కిందట ఒంగోలు నుంచి వెనక్కి వచ్చి పది నిమిషాల్లో చేసిన ఘనకార్యం కూడా ఇదేనని ఆమెకు ఇప్పుడు వెలిగింది. అప్పట్లో కేంద్రం సర్వర్ ఈ పాత మిషనే. ఫోనులో ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. అది చెప్పాల్సిన మాటని ఆ రోజు ఆమెకే తెలియదు.

ఆమె మెట్ల మీదికి వచ్చేసింది. కిందికి దిగింది, పైకి ఎక్కింది. వెనకాలే గ్రేసమ్మ, గోడ పట్టుకుని.

"ఏమే, నీకు తెలిసిపోయిందిగా సంగతి?"

షెర్లీ తలూపింది.

"చెప్పెయ్యరాదా మరి?"

"చెప్తే ఓడిపోయినట్టే."

"ఓడిపోతే?"

"ఒంగోలేనమ్మా."

గ్రేసమ్మ కాసేపు మోకాలు నిమురుకుంది. తర్వాత గొంతు తగ్గించింది. "పోనీ నా చెవిలో వెయ్యి. నే పోయి ఆ పిల్లకి పులిహోర పెడతా అనేస్తా. నేనేమన్నా మీ కంప్యూటరోళ్లనా, నా నోరు కట్టటానికి?"

షెర్లీకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. మాట నాలుక చివర దాకా వచ్చి నిలబడింది. మూడే మూడు ముక్కలు. ముప్పై ఏళ్ల మొక్కు తీరిపోతుంది.

"మంగళవారం నువ్వు నాతోపాటు రైల్లో ఉంటావు గదమ్మా. ఆ రోజు దాని చెవిలో ఎవరు చెప్తారు?"

గ్రేసమ్మ మళ్లీ గోడ పట్టుకుంది. ఇద్దరూ లోపలికి వచ్చారు.

పన్నెండుంబావు. కోటేశ్వరి కళ్లలో నీళ్లు. పిడుగురాళ్ల శ్రీమన్నారాయణ, సున్నపు లారీల కాటా లెక్కలు చూసే పెద్దాయన, అప్పటిదాకా తన గొడవలో తనున్నాడు. ఇప్పుడు లేచి, కుర్చీ లాక్కుని ఆమె పక్కన చేరాడు.

"చానాసేపటి నుంచి దేంతో కొట్లాడతన్నావు అమ్మాయ్?"

"సర్వర్‌తో బాబాయ్. దాని పత్రం చెల్లదంటంది."

"చెల్లనిది పత్రమో, మన మిషనో చూశావా?" ఆయన తెర మీదికి వంగి, కళ్లు చిట్లించి, చప్పున వెనక్కి వాలాడు. "ఇయాళ తారీఖు ఎంత?"

కోటేశ్వరి చెప్పింది.

"దీనికీ చెప్పు మరి ఆ ముక్క. మొన్న ఎండాకాలం మా కాటా ఇదే పని చేసింది. కరెంటు పోయొచ్చాక వారం రోజులు రెండువేల ఎనిమిది తారీఖుతో చీటీలు కొట్టింది. ఒక డ్రైవరు నా మీదికి కొట్లాటకొచ్చాడు. ఏంది సార్ ఇది, ఆ ఏడు నేను మూడో తరగతి, సున్నం లారీ తోలానా పలక తోలానా అని! ఆ పత్రం ఇచ్చింది ఈ మధ్య. మీ మిషనేమో పాత కాలంలో నిలబడుంది. ఇంకా పుట్టని పత్రాన్ని అదెట్టా నమ్ముద్ది?"

హాలంతా ఘొల్లుమంది. కోటేశ్వరి తేదీ మార్చింది. బ్యాకప్ దిగడం మొదలైంది.

పన్నెండూ యాభై రెండుకు డేటాబేస్ లేచింది. అబ్దుల్ రహీమ్ జేబులోంచి పొద్దుటి షిఫ్టు చీటీ తీసి, మూడు పేర్లు చదివాడు. వీరరాఘవమ్మ బరువు, గురవయ్యకు పడని మందు, కరీమున్నీసాకు తీయాల్సిన నీరు. మూడూ కలిశాయి. చీటీ మడిచి జేబులో పెట్టుకుని, "పోయిరామ్మా" అన్నాడు షెర్లీతో. అంతే.

షెర్లీ నోరు తెరిచేలోపే కోటేశ్వరి అందుకుంది.

"నీకు ముందే తెలుసు గదా అక్కా! నా యనకమాల నిలబడి చూశావు. గంటసేపు ఉసురు తీసి చెప్పలేదు!"

"చెప్తే నీకు గుర్తుండదే."

"నీకు మాత్రం గుర్తుందా? ఏదీ, కాగితంలో ఏడుందో చూపించు!"

కోటేశ్వరి కాగితం లాక్కుని, షెర్లీ పొందికైన అక్షరాల పైన, ఖాళీ అంచులో, కోపంగా లావుపాటి అక్షరాలతో రాసింది: కూర్చోకముందే తారీఖు చూడాలి. తర్వాత గ్రేసమ్మ దగ్గర పులిహోర పెట్టించుకుని, షెర్లీకి వీపు తిప్పి తింది.

మంగళవారం తెనాలిలో రైలెక్కారు. షెర్లీ చీరాల దాకా నాలుగుసార్లు లేచి కూర్చుంది. ఫోను మోగలేదు. మోగితే ఏం చేయాలో ఆమెకు తెలుసు. మోగకపోతే ఏం చేయాలో తెలియదు. చిన్నగంజాం వచ్చింది. ఉప్పు కుప్పలు తెల్లగా, వరసగా వెనక్కి పోయాయి. ఆమె సంచీ సర్దింది, తీసింది, మళ్లీ సర్దింది. పదకొండేళ్లు తనే మోశాననుకున్న బరువు ఒక చిన్నపిల్ల రాసిన ఒక్క వంకర వాక్యం మీద నిలబడిందంటే, సంతోషించాలా, చిన్నబుచ్చుకోవాలా?

ఒంగోలు. రైలు ఆగింది. షెర్లీ తలుపు దగ్గరికి పోయి నిలబడింది. ప్లాట్‌ఫారం మీద మూడేళ్ల కిందట దిగిన చోటు అదిగో, అదే కుళాయి. వేళ్లు వాటంతటవే ఫోను మీద నడిచాయి: కోటేశ్వరీ, కరెంటు ఉందా? మిషను...

"ఏమే!" వెనక నుంచి గ్రేసమ్మ. సీటు కమ్మీలు పట్టుకుని, ఊగుతూ వచ్చి ఫోనులోకి తొంగి చూసింది. "కాగితం ఎవురి చేతిలో ఉందిప్పుడు?"

"దాని చేతిలో."

"మరి నీ నోరు?"

షెర్లీ రాసిందంతా ఒక్కో అక్షరం చెరిపేసింది. రైలు చిన్నగా కుదిపి కదిలింది. కుళాయి వెనక్కి పోయింది. గ్రేసమ్మ తిరిగి తన చోటికి పోయి, ముసుగు సర్దుకుని, జపమాల తీసింది. షెర్లీ మాత్రం సింగరాయకొండ దాటేదాకా తలుపు దగ్గరే నిలబడి ఉంది.