సమాజాన్ని చూసి నోరు తెరిచే సదానందం సారు

సదానందం సారుకు పప్పులో ఉప్పు ఎక్కువైందని చెప్పడం రాదు. ఉప్పు వెనక సమాజం ఉందని చెప్పడం మాత్రం వచ్చు. హన్మకొండలో ఆయనది మా పక్కిల్లే. డిగ్రీ కాలేజీలో సోషియాలజీ చెప్పి రిటైరయ్యారు. క్లాసు మాత్రం ఆగలేదు, విద్యార్థులు మారారంతే. ఇప్పుడు మా వీధంతా ఆయన క్లాసే.

ఒకసారి చౌరస్తాలో ట్రాఫిక్ జామైంది. అందరూ హారన్లు కొట్టి తిట్టుకుంటుంటే, నన్ను వెనక ఎక్కించుకున్న ఈయన స్కూటర్ ఆపి, తొలిసారి రైలింజను చూసిన పిల్లాడిలా నోరు తెరిచారు.

“చూసినవా హరికృష్ణా! ఎవ్వలు ఎవ్వలికి చెప్పకున్నా ఎట్ల సర్దుకుంటాన్లో! సమాజం మనిషి పెయ్యి లెక్క. గుండె పని గుండెది, కాలు పని కాలుది. అన్ని కలిస్తెనే పానం.”

“మరి నడుమల పండుకున్న ఆ బర్రె పనేంది సార్?”

ఆయన గడ్డం గోక్కున్నారు. “ఏదో ఒకటుంటది. మనకింకా సమజ్ కాలే.”

ఇంట్లో ఇంకో సిద్ధాంతం. ఆయన వార్తలు చూస్తుంటే భార్య శ్రీలతమ్మ రిమోట్ లాక్కునేది. సారు మురిసిపోయేవారు. “గిదే! ఉన్న వస్తువు ఒక్కటి, కావాల్నన్నోళ్లు ఇద్దరు. చరిత్ర మొత్తం ఈ గుంజులాటతోనే నడిచింది.”

“చరిత్రను జర పక్కకు జరుపున్రి, టీవీ కనపడ్తలేదు.”

ఓడిపోయిన వర్గం సంతోషంగా వెళ్లి చాయ్ పెట్టుకొచ్చేది.

ఆయనకు ప్రాణం మాత్రం మూడో సిద్ధాంతం. “లోకం మనిషికి ఒక పేరు అతికిస్తది. అందరు అదే పేరుతోని చూస్తాంటె, ఆఖరుకు ఆ మనిషి గూడ అద్దంల గదే చూసుకుంటడు.”

మా ఎలక్ట్రీషియన్ రాజమల్లుకు ‘దొంగ’ అనే పేరు అతుక్కుంది. ఎవరిదో మోటారు పోతే పొరపాటున అతన్ని స్టేషన్‌కు తీసుకెళ్లి, అసలు దొంగ దొరికాక వదిలేశారు. పోలీసులు వదిలినా వీధి వదల్లేదు. అతను కనిపిస్తే ఎదురింటి యాకమ్మ చెప్పులు కూడా లోపల పెట్టుకునేది. పనికి పిలిచేవాళ్లే లేకుండా పోయారు.

“ఇక్కడ బతుకలేను సార్. స్టేషన్ ఘన్‌పూర్‌ల మా మామ దగ్గరికి పోతాన,” అని చాయ్ హోటల్ దగ్గర సదానందం సారుతో తల దించుకుని చెప్పాడు.

మర్నాడు అదే హోటల్ ముందు, వీధంతా చూస్తుండగా, సారు సూట్‌కేసుతో వచ్చి తాళంచెవుల గుత్తి రాజమల్లు చేతిలో పెట్టారు.

“పరకాలల సుట్టాల పెండ్లి ఉంది. ఇల్లు చూడు. బీరువా చెవి గూడ గిండ్లనే ఉంది.”

“వద్దు సార్! ఏమన్నయితే నా పానం తీస్తరు.”

“నీమీద దయ గాదయ్యా, గిది ప్రయోగం. నా సిద్ధాంతం నిజమా కాదా చూసుకోవాలె. నువ్వే జర సాయం చెయ్యాలె.”

హోటల్లో గ్లాసులు నోటిదాకా వెళ్లి ఆగిపోయాయి.

సారు లేనన్నాళ్లూ వీధి కళ్లన్నీ ఆ ఇంటి మీదే. రాజమల్లు మొక్కలకు నీళ్లు పోశాడు. ఏళ్లుగా కీచుమంటున్న ఫ్యానును బాగుచేశాడు. ముందుగా కరిగింది యాకమ్మే.

“రాజమల్లూ, మా మిక్సీ తిరుగుతలేదు బిడ్డా. నేను మార్కెట్‌కు పోతాన. తలుపు తీసే ఉంది, జర చూడు.”

ఆ తర్వాత అతను స్టేషన్ ఘన్‌పూర్ మాటెత్తలేదు. ఎత్తే తీరికే లేదు.

సారు తిరిగొచ్చాక వెళ్లి అడిగాను. “పెండ్లి మంచిగయ్యిందా సార్?”

శ్రీలతమ్మ పకపకా నవ్వింది. “ఏం పెండ్లి అన్నా? పరకాలల మా అక్కింట్ల ఊకెనే కూసోనొచ్చినం. సూట్‌కేసు నిండ పాత దుప్పట్లు. మనం ఊరికి పోకుంటె రాజమల్లుకు చెవి ఎట్లిస్తం అన్నడు ఈయన!”

నేను సారు వైపు తిరిగాను. “మరి ప్రయోగం అన్నరు?”

“సాయం చేస్తాన అంటె తల దించుకుంటుండె. సాయం చెయ్యి అంటె తలెత్తుకోని వచ్చిండు,” అన్నారాయన.

“ఆ ముచ్చట మంచిదే గని,” శ్రీలతమ్మ అందుకుంది, “అక్కడ మా బావకు పూటపూటకు సమాజం గురించి చెప్పిండు. మా అక్క బస్టాండ్ దాక వచ్చి, మేం ఎక్కినంక గూడ బస్సు కదిలేదాక నిలబడ్డది.”

“అది మర్యాద! సుట్టాలను సాగదోలుడు మీద ఒక సిద్ధాంతం ఉంది...”

మామూలుగా అయితే నాకు సరిగ్గా అప్పుడే ఏదో పని గుర్తొచ్చేది. ఆ రోజు మాత్రం కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను.

“చెప్పున్రి సార్.”