అశ్వినికి రాసిన అట్టలు

రాయదుర్గం మెట్రో దిగి, అద్దాల ఆఫీసుల వెనక సందులోకి తిరిగితే ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ఉంది. డెలివరీ కుర్రాళ్లకు తప్ప దాని ఆనవాలు ఎవరికీ తెలియదు. వాళ్లైనా గోడ నీడన బండి ఆపుకోవడానికే వస్తారు. ఆ బడిలో చదివేది చుట్టూ భవనాలు కట్టే కూలీల పిల్లలు. ఒక టవర్ పూర్తయితే ఒక కూలీల క్యాంపు ఎత్తేస్తారు, దానితోపాటు సగం తరగతి ఖాళీ అవుతుంది. జూన్‌లో ఎవరు మిగులుతారో వాసంతి టీచరుకు ఏ ఏడూ తెలియదు. అయినా వేసవంతా వాళ్ల కోసం పాఠాలు తయారు చేస్తూనే ఉంటుంది.

చందానగర్‌లో ఆమె ఇంటి హాలు నిండా అట్టముక్కలు, స్కెచ్ పెన్నులు, కత్తెరలు. ఆవకాయ పెట్టే పని కూడా ఈసారి వాయిదా పడింది. "సెలవులు పిల్లలకే ఇచ్చినట్టుంది, టీచర్లకు ఇవ్వడం మరిచిపోయారేమో" అని భర్త పార్థసారథి అట్టలు దాటుకుంటూ ఎత్తిపొడిచేవాడు. ఆమె తలెత్తేది కాదు.

ఈ ఏడు ఆ అట్టలన్నీ అశ్విని అనే ఒక్క పిల్ల కోసం. ఆదోని వైపు నుంచి వలస వచ్చిన కూలీల బిడ్డ, పదేళ్లుంటాయి. ఊరు మారినప్పుడల్లా బడి మారి, ఏ బడిలోనూ అక్షరం అంటలేదు. అలాంటిది, సెలవులివ్వడానికి కొన్నాళ్ల ముందు తరగతి గోడకు అంటించిన కాగితాన్ని తనంతట తానే కూడబలుక్కుని చదివేసింది. వాసంతికి కళ్లు చెమర్చాయి. కానీ ఆ సంతోషంలోనూ ఆమెకు తెలుసు, ఇది మొదటి మెట్టేనని. పిల్లకు ఒత్తులు రావు. రెండు వాక్యాలు దాటితే అర్థం చేజారిపోతుంది. జూన్‌లో తిరిగి వస్తే నిలబడుతుంది, రాకపోతే ఆ వచ్చిన కాస్తా కొట్టుకుపోతుంది.

అందుకే పాఠ్యపుస్తకం పక్కనపెట్టి, పిల్ల నోట్లో ఆడే మాటలే అట్టలమీద రాసింది. తట్ట, ఇసుక, జొన్నరొట్టె. వేరుశనగ అని రాసి, కొట్టేసి, చెనిక్కాయ అని రాసింది. తనిఖీకి వచ్చినవాళ్లు ముఖం చిట్లిస్తే చిట్లించనీ అనుకుంది.

బడులు తెరిచే ముందు బడిబాట మొదలైంది. టీచర్లు ఇంటింటికీ వెళ్లి పిల్లల్ని బడిలో చేర్చుకోవాలి. వాసంతి నేరుగా క్యాంపుకే వెళ్లింది. రేకుల గదులు ఇంకా అక్కడే ఉన్నాయి. అమ్మయ్య అనుకుంది. అశ్విని తల్లి పార్వతమ్మ రొట్టెలు తడుతోంది.

"అశ్విని ఏదమ్మా?"

"కొండాపూర్‌లో పనికి పెట్టినాం మేడమ్. సాఫ్ట్‌వేర్ వాళ్లిల్లు. ఆడనే ఉంటాది."

"పనేమిటి? మరి చదువు?"

పార్వతమ్మ వింతగా చూసింది. "అయిపాయ గదా మేడమ్! మీరే చెప్తిరి గదా, మీ పిల్లకు చదువొచ్చేసిందమ్మా, ఇంక నీకు దిగులు లేదు అని. వాళ్లింట్లో పెద్దాయనకు కండ్లు కనపడవంట. పేపరు చదివే పిల్ల గావాల అనిరి. మా పిల్లకు చదువొచ్చు అని ధైర్యంగా చెప్తిమి."

బడి ఆఖరి రోజున ప్రతి తల్లికీ ఒక మంచిమాట చెప్పి పంపడం వాసంతికి అలవాటు. పార్వతమ్మకు ఆ మాట చెప్పిన సంగతి నిజమే. టీచర్ల నోట అది మెప్పు. బడి గడప తొక్కని ఆ తల్లికి మాత్రం, గోడ పూర్తయింది, ఇక దిగండి అని మేస్త్రి చెప్పినట్టే వినిపించింది. ఇందులో ఆమెను ఏమని తప్పుపట్టాలి?

"ఇంకా అవలేదమ్మా, ఇప్పుడే మొదలైంది" అంటే, "అప్పుడట్ల చెప్పి ఇప్పుడిట్ల చెప్తే ఎట్ల మేడమ్?" అంది పార్వతమ్మ.

పార్వతమ్మ చెప్పిన కొండాపూర్ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. "జర ఆగుండ్రి మేడమ్, పైకి ఫోన్ చేసి అడుగుత." అడిగి పంపాడు. తలుపు తీసిన ఇంటావిడ దేవిశ్రీ చెవిలో ఇయర్‌ఫోన్ ఉంది. "మా ఇంట్లో పిల్లలాగే చూసుకుంటున్నామండి. నేను మీటింగులో ఉన్నాను, మీరు దానితో మాట్లాడండి" అని లోపలికి వెళ్లిపోయింది. పదేళ్ల పిల్లను పనికి పెట్టుకోకూడదని ఆమెకు తెలియక కాదు. తెలుసు కాబట్టే పని అనే మాట వాడలేదు. ఫిర్యాదు చేస్తే అధికారులు పిల్లను తెచ్చి అప్పగిస్తారు, ఆ వారమే ఆ కుటుంబం మరో క్యాంపుకు లేచిపోతుంది. వాసంతి అదీ ఇదివరకు చూసింది.

హాల్లో సోఫాలో దేవిశ్రీ మామగారు నరసింహమూర్తి కళ్లు మూసుకుని కూర్చున్నారు. కింద చాప మీద పేపరు పరుచుకుని అశ్విని. టీచర్ని చూడగానే ముఖం విప్పారింది.

"టీచర్! తాతకు రోజూ నేనే చదువుతాండా. ఇనండి!"

వేలు పెట్టి పెద్ద అక్షరాలు చదవసాగింది. ఒత్తు వచ్చిన ప్రతిచోటా మింగేసి, ఏదో ఒక మాట కల్పించి అతికిస్తోంది. వార్త కథగా మారిపోతోంది. పెద్దాయన మాత్రం ఊఁ కొడుతున్నారు. ఇప్పుడు ఊరుకుంటే ఈ పిల్ల ఇక్కడే ఇలాగే ఉండిపోతుంది.

"అశ్వినీ, నీకింకా చదువు రాలేదమ్మా" అంది వాసంతి మెల్లగా. "సగం మాటలు తప్పు చదివావు. బడికి వచ్చేయ్. నీకోసం బోలెడు సిద్ధం చేశాను."

పిల్ల ముఖంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది.

"మరి మా అమ్మకు అబద్ధం చెప్పినారా?"

"అవును. అబద్ధమే చెప్పాను."

అశ్విని పేపరు మడతపెట్టి, బల్లమీద ఉంచింది.

"ఆపేశావేం తల్లీ? తర్వాతది చదువు" అన్నారు పెద్దాయన.

"నాకు చదివేకి రాదు తాతా" అని చెప్పి, టీచరు వైపు చూడకుండానే వంటింట్లోకి అంట్లు తోమడానికి వెళ్లిపోయింది.