కమలాకర్ రాడ్లు

సూరత్ శివారు భేస్తాన్‌లో మగ్గాల షెడ్ల వెనక సందులో సోమలింగానికి ఒక లేత్ మిషనూ ఒక వెల్డింగ్ సెట్టూ ఉండేవి. తండ్రి మొండయ్య సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి సూరత్ వచ్చి, చెవులు సగం పోయేదాకా మగ్గం నడిపి మానేశాడు. కొడుకు మగ్గం ఎక్కలేదు. మగ్గాల్లో విరిగిన ముక్కలను కొత్తగా చేసిపెట్టేవాడు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో మగ్గాలు ఆగిపోయాయి, వాటితోపాటే అతని పనీ ఆగిపోయింది.

అప్పటికి తల్లి వెంకటవ్వ సూరత్‌లో లేదు. తమ్ముడి మనవరాలిని తొట్టెలలో వేస్తున్నారని ఊరికి వెళ్లి అక్కడే చిక్కుకుపోయింది. ఏప్రిల్ చివర్లో ఆమెకు కాళ్లు వాచాయి, తర్వాత మొహం వాచింది. కిడ్నీలు పాడయ్యాయని డాక్టర్ చెప్పాడట. ఆమె తమ్ముడు రాజమల్లు ఫోన్ చేశాడు.

"బావా, జల్ది రాండ్రి. అక్క నిన్నే అడుగుతాంది."

రైళ్లు లేవు, బస్సులు లేవు. మొండయ్య బట్టల సంచి సర్దుకుని గుమ్మంలో కూర్చున్నాడు.

దారి చూపినవాడు కమలాకర్. అదే వాడలో పుట్టి, సోమలింగం వెంట తిరిగి పెరిగినవాడు. అతనికి ఏడు సీట్ల పాత బండి ఉంది. సూరత్ పక్క కడోదరా మిల్లుల్లో పనిచేసే తెలుగువాళ్లను ఊళ్లకు తిప్పేవాడు. మే నెలలో సొంతూళ్లకు వెళ్లేవాళ్లకు పాసులు ఇస్తున్నారని తెలిసి ఒకటి సంపాదించాడు. బండి మాత్రం కదిలేలా లేదు. ఏళ్ల తరబడి లెక్కకు మించి జనాన్ని ఎక్కించడంతో, వెనక ఇరుసును కింది చట్రానికి పట్టి ఉంచే రాడ్లు వంగిపోయాయి. ఒకటి పగిలింది కూడా. ఇరుసు వంకరై బండి పక్కకు లాగేది. కొత్తవి కొందామంటే దుకాణాలన్నీ మూతపడ్డాయి.

"అన్నా, నీ చేతులనే ఉన్నది," అన్నాడు కమలాకర్. "రాడ్లు చేసియ్యి. నీకు, బాపుకు రెండు సీట్లు పక్కా. వెంకటవ్వ నాకు అవ్వ గాదా? ఆమె చేతి సర్వపిండి తిని పెరిగిన."

సోమలింగం అంతకుముందు కారు పని ముట్టలేదు. పాత రాడ్డును కొలిచి లాభం లేదు, అది వంగి ఉంది. చట్రం కూడా కాస్త జరిగిపోయింది. అందుకని పొడవు మార్చుకోగలిగే రాడ్లే చేయాలనుకున్నాడు. మందపాటి గొట్టాలు తీసుకుని ఒక చివర మామూలు మర, రెండో చివర ఎదురు మర కోశాడు. బండికి బిగించాక గొట్టాన్ని ఒక వైపు తిప్పితే రాడ్డు సాగుతుంది, ఇంకో వైపు తిప్పితే కురచవుతుంది. సరిగ్గా కుదిరిన చోట నట్టు బిగించి ఆపేయవచ్చు. కుదుపు ఆపడానికి రబ్బరు కావలసి వచ్చింది. పాత మగ్గాల్లో దెబ్బ తట్టుకునే దిమ్మలను కోసి పెట్టాడు.

షట్టర్ దించుకుని లోపల పని చేశాడు. మొండయ్య సందు మొదట్లో కూర్చుని, పోలీసు జీపు కనబడితే వచ్చి షట్టర్ మీద కొట్టేవాడు. మొదటి రాడ్డు వెల్డింగ్ దగ్గర చీలింది. దాన్ని పక్కన పడేసి మళ్లీ మొదలుపెట్టాడు. "మీ అక్కకు చెప్పు, బండి బాగైతాంది," అని మొండయ్య రోజూ బామ్మర్దికి ఫోన్‌లో అరిచి చెప్పేవాడు.

రాడ్లు బిగించి, చక్రాలకు దారం పట్టి చూసుకుంటూ, గొట్టాలు తిప్పి ఇరుసును సమం చేశాడు సోమలింగం. కడోదరా రోడ్డు మీద స్టీరింగ్ వదిలేసినా బండి గీత తప్పలేదు. కమలాకర్ అతన్ని గట్టిగా వాటేసుకున్నాడు.

"రేపు పొద్దుగాల పోదాం అన్నా. తయారుండుండ్రి."

తెల్లవారి తండ్రీకొడుకులు సంచులతో వెళ్లేసరికి బండి ఉండే చోట నూనె మరక మిగిలింది. ఫోన్ చేస్తే కలవలేదు. మధ్యాహ్నం కమలాకరే చేశాడు.

"అన్నా, ఏమనుకోకు. రాత్రి మా అత్తగారోళ్లు అచ్చి కాళ్ల మీద పడ్డరు. చిన్న పిల్లలున్నరు. కాదనలేకపోయిన. మళ్లా ట్రిప్పుల ఫస్ట్ మిమ్ములనే..."

"ఎక్కడున్నవ్?"

"నాసిక్ దాటినం. బండి బాణం లెక్క పోతాందే అన్నా, నీ రాడ్లు..."

సోమలింగం ఫోన్ పెట్టేశాడు. మొండయ్యకు ఎంతసేపు చెప్పినా ఎక్కలేదు.

"సీట్లు సాల్లేదా? నేను కింద కూసుంటుంటి గదరా," అన్నాడు.

తర్వాత మూడో రోజు వెంకటవ్వ చనిపోయింది. చివర్లో జ్వరం కూడా వచ్చిందని తెలిసి ఊరు ఊరంతా తలుపులు వేసుకుంది. రాజమల్లు వీడియో కాల్ చేసి, ఫోన్ ఎవరి చేతికో ఇచ్చి పాడె ఎత్తాడు. ముందు అతనూ అతని కొడుకూ, వెనక ఒక పాలివాడు. నాలుగో మనిషి మొహానికి తువ్వాల కట్టుకున్నాడు. మొండయ్య ఫోన్‌కు మొహం ఆనించి చూశాడు.

"ఆ నాలుగోడు కమలాకర్ గాదుర?"

అవును, కమలాకరే. సూరత్ నుంచి వచ్చి దిగిన పక్క ఊళ్లో అతన్ని ఇల్లు కదలవద్దన్నారు. అయినా వినకుండా వచ్చాడు. పాడెకు మనిషి తక్కువైతే భుజం పట్టాడు. కొడుకు పెట్టవలసిన నిప్పు రాజమల్లు పెట్టాడు. సోమలింగానికి నోటిదాకా తిట్టు వచ్చి ఆగిపోయింది. అది బయటికి రాలేదు, లోపల అరగనూ లేదు.

వానాకాలంలో మగ్గాలు కొద్దికొద్దిగా తిరగడం మొదలయ్యాక కమలాకర్ షాపుకు వచ్చాడు.

"తిట్టు అన్నా. కొట్టు. గని మాట్లాడు."

"బండికి ఏమైంది?"

"జర ఎడమకు గుంజుతాంది."

సోమలింగం బండి కిందికి దూరాడు. నట్టు వదులుచేసి గొట్టం తిప్పాడు. నట్టు ఇట్లాగే వదిలేస్తే ఏ ఘాట్ రోడ్డులోనో బండి ఏమవుతుందో అతనికి బాగా తెలుసు. వీడొక్కడే కాదు, ఇందులో ఎవరెవరో ఎక్కుతారు. అరచేయి కమిలేదాకా పానా మీద బరువు వేసి బిగించాడు. కమలాకర్‌తో ఇంకో మాట మాట్లాడకుండానే పంపేశాడు.

అదంతా మొండయ్య సందులో నిలబడి చూశాడు.

"వాని బండి కిందికి దూరినవా?"

"అండ్ల వేరేటోళ్లు ఎక్కుతరు బాపూ. నేను చేసిన సామాను అది."

"నీ అవ్వను మోసిండని మాఫ్ చేసినవా?"

"మాఫ్ చెయ్యలే."

"మరేందిరా ఇది?"

ఆ వారంలోనే మొండయ్య కడోదరాలో ఒక మగ్గాల షెడ్డుకు కాపలా కుదిరి అక్కడే పడుకోసాగాడు. ఈ వయసులో ఎందుకని కోడలు ప్రమీల ఏడ్చి బతిమాలినా ఆగలేదు.

కమలాకర్ వెళ్లిన చోటల్లా రాడ్ల గురించి గొప్పగా చెప్పాడు. హైవే డ్రైవర్లు వచ్చారు. తర్వాత సూరత్‌లో డబ్బున్నవాళ్లు ఉండే అడాజన్ నుంచి, అందానికని కార్లను నేలకు ఆనేట్టు దించుకునే కుర్రాళ్లు వచ్చారు. అలా దించితే వెనక చక్రాలు లోపలికి వాలి టైర్లు ఒక పక్కే అరుగుతాయి. వాళ్లకూ సాగే రాడ్లు కావాలి. అందరూ కమలాకర్ పేరుతోనే రాడ్లు అడిగేవారు: "కమలాకర్ వాలే రాడ్." సోమలింగం ఒకటి రెండు సార్లు తన పేరు చెప్పి చూశాడు. ఆ తర్వాత చెప్పడం మానేశాడు. సందులో మిగతా లేత్‌లు ఖాళీగా ఉంటే అతని మిషను ఆగకుండా తిరిగింది.

ఆదివారాలు కడోదరాకు టిఫిన్ పట్టుకెళ్లేవాడు. మొండయ్య తినేవాడు, ప్రమీల ఎట్లుందని అడిగేవాడు. పని ఎట్లుందని ఒక్కసారీ అడగలేదు.

మరుసటి మే నెలలో వెంకటవ్వ సంవత్సరీకం వచ్చింది. మళ్లీ ఎక్కడ చూసినా రోగం ఉధృతంగా ఉంది. ఎట్లా వెళదామో తండ్రితో మాట్లాడాలని సోమలింగం కడోదరా వెళితే షెడ్డు దగ్గర వేరే మనిషి కూర్చుని ఉన్నాడు. సాయంత్రం రాజమల్లు ఫోన్ వచ్చింది.

"అల్లుడా, బావ ఒక్కడే రైలెక్కి అచ్చిండు. నువ్వు రాలేదేంది?"

"పనుండె మామా," అన్నాడు సోమలింగం.