పిట్ట కాలి కడియం

ఆ సముద్రపు దీవిలో టీ ఉప్పగా ఉండేది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన నల్గొండవాణ్ని, నీళ్లకు వంక పెట్టే అర్హత నాకు పెద్దగా లేదనుకోండి.

పక్షుల మీద పరిశోధన చేసేవాళ్లకు సాయంగా వెళ్లాను. వలలో పడ్డ పాడే పిట్టలను మెల్లగా తీసి, కాలికి నంబరున్న సన్నని కడియం తొడిగి వదిలేయాలి. ఒడ్డున గోడ కడుతున్న కూలీల్లోంచి ఒకామె తట్ట దించి, నా చేతిలోని పిట్టను చూడటానికి వచ్చింది. నోరు విప్పగానే పాలమూరు మనిషని తెలిసింది.

"గొర్రె చెవికి గాటు పెట్టినట్టా అన్నా? మా దిక్కు మంద తప్పిన గొర్రెను గాటు జూసే ఇంటికి తోలిస్తరు."

"గట్లనే అక్కా. గిది పిట్టకు ఆధార్ కార్డు. ఏ దేశంల సచ్చినా నంబరు జూసి మాకు కబురు జేస్తరు" అన్నాను, నా హాస్యాన్ని నేనే మెచ్చుకుంటూ.

ఆమె నవ్వలేదు.

"మా ఆయన ఆధార్ కార్డు ఇంట్లనే ఉన్నది. ముంబై పనికి వోయిన మనిషే మల్ల రాలే."

పిట్టను వదిలాను. ఆమె అది పోయిన దిక్కే చూస్తూ, చెమటకు కారిన బొట్టును కొంగుతో అద్దుకుంది.

"ఆయనకు గూడ గసోంటి కడెం ఏసుంటే, గీ బొట్టు ఉంచుకోవాల్నో తుడుసుకోవాల్నో తెలుస్తుండె."